పిల్లలు తామై చదువుట



మన భాషలో 'చదువు' అను మాట మిక్కిలి పెద్దది. విద్య యనినను చదువే. పుస్తకము తెరచి చూచి గ్రహించుట యనినను చదువే. ఈ రెండర్థములు ఒక్క మాటలోనే యిమిడి యుండుటచేత మనకొక చిక్కు వచ్చినది. "మీ పిల్లవాడేమి చదువుచున్నాడు?" అని యెవరినైనను అడిగి చూడుడు. "మూడవ తరగతి" అనియో, "ఐదవ తరగతి" అనియో ఉత్తరము వచ్చును. ఒక కథల పుస్తకము పేరు చెప్పి, "అది చదువుచున్నాడండీ, సగమైనది" అనిన తండ్రిని నేను నా యుపాధ్యాయ వృత్తిలో ఒకరిద్దరిని మాత్రమే చూచితిని. నేడు నేను మాటాడబోవునది ఆ రెండవ చదువును గూర్చి. ప్రాథమిక పాఠశాలలో నున్న బాలుడు గాని బాలిక గాని, ఒకరు చెప్పకుండ, ఒకరు అప్పజెప్పించుకొనకుండ, తనకు నచ్చిన పుస్తకమును తానై తీసికొని కడవరకు చదువుటను గూర్చి.

మూడవ తరగతిలోనికి పోయి ఒక బాలుని పాఠము చదువుమనినచో, లేచి నిలువబడి గడగడ చదువును. వాని చూపు కిటికీ మీద నుండును. నోరు మాత్రము తడబడదు. అప్పుడు మీరు పుటలో నాలుగవ పంక్తి నడుమ వ్రేలుంచి, "ఇచ్చటినుండి చదువుము" అనుడు. నోరు మూతపడును. తరువాత పెదవులు మెల్లగా కదలుట చూతురు. వాడు మొదటి పంక్తినుండి లోలోపల వల్లించుకొనుచు మీ వ్రేలున్న చోటికి నడచి వచ్చుచున్నాడు. అది చదువుట కాదు.

రెండవ తరహా పిల్లవాడు ఇంతకంటె మోసకారి. వాడు నిజముగనే అక్షరములు చూచి పలుకును. మన లిపికి ఒక గొప్ప గుణము కలదు. అక్షరములు, గుణింతములు, ఒత్తులు వచ్చినచో ఏ మాటనైనను పైకి పలుకవచ్చును. 'స్థితప్రజ్ఞత' అను మాటను ఎనిమిదేండ్ల వాడు కూడబలుకుకొని స్పష్టముగ చదువగలడు. దాని యర్థము వానికి తెలియనక్కరలేదు. ఇంగ్లీషు నేర్చుకొను పిల్లవానికి ఈ సౌకర్యము లేదు. తెలియని మాట యెదురైనచో తరచుగా పలుకుటయే కష్టము. కనుక వాని లోపము వెంటనే బయటపడును. మన పిల్లవాని లోపము ఉచ్చారణ మాటున దాగి యుండును. వినుచున్న ఉపాధ్యాయుడు సంతోషించి "కూర్చుండుము" అనును.

దీనికి తోడు మన వాక్యమున క్రియ చివర వచ్చును. "అడవిలో దారి తప్పిన ముసలివాడు చెట్టు తొఱ్ఱలో దాగిన చిలుకను చూచి నవ్వెను" అను వాక్యమును ఒక్కొక్క యక్షరము పట్టుకొని లాగుచు చదువువాడు, 'నవ్వెను' అను చోటికి చేరునప్పటికి నవ్వినది ముసలివాడో చిలుకయో మరచిపోవును. అర్థము కావలెననిన వేగము కావలెను. వేగము రావలెననిన సులభమైన చదువు విస్తారముగ నుండవలెను. ఏడాది పొడవున ఒక్క వాచకము త్రిప్పిన పిల్లవానికి ఆ విస్తారము ఎచ్చటినుండి వచ్చును? నాలుగు నెలలకే ఆ వాచకము నోటికి వచ్చి, అందు చదువుటకేమియు మిగులదు.

ఇది నా యూహ మాత్రము కాదు. ప్రథమ్ అను సంస్థవారు దేశమందలి గ్రామసీమలలో ఇంటింటికి పోయి పిల్లలచేత చదివించి, 'అసర్' అను పేర నివేదిక ప్రకటించుచుందురు. 2024వ సంవత్సరపు నివేదిక ననుసరించి, ప్రభుత్వ పాఠశాలలలో మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి స్థాయి పాఠమును చదువగలిగినవారు నూటికి 23.4 మంది. ఐదవ తరగతిలో నూటికి 44.8 మంది. అనగా ఐదేండ్లు బడికి పోయినవారిలోను సగమునకు పైగా పుస్తకము ముందు నిస్సహాయులు. వీరు ఆరవ తరగతికి పోయి భూగోళము, విజ్ఞానశాస్త్రము దేనితో చదువుదురు?

నేను సంప్రదాయముగ చదివినవాడను. అమరము, శబ్దమంజరి పుస్తకము ముట్టకమునుపే నాకు నోటికి వచ్చినవి. వల్లెవేయుటను చులకన చేయుటకు నాకు నోరు రాదు. అట్లు వచ్చినది నేటికిని నా సొత్తు. కాని దానికొక హద్దు కలదు. వల్లెవేయు పిల్లవాని ప్రక్కన గురువు కూర్చుండును. తప్పిన చోట అందించును. పుస్తకము చదువుకొనువాడు ఒంటరిగ నడువవలెను. ఆ నడక నాకు అమరమువలన రాలేదు. 'చందమామ' వలన వచ్చినది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గారలు మదరాసున ప్రారంభించిన పత్రిక అది. మా చిన్ననాడు ఊరికంతకు ఒకటే ప్రతి వచ్చెడిది. అది మా యింటికి చేరునప్పటికి దానికి అట్ట యుండెడిది కాదు. దానికి రెండేండ్లు ముందుగా, 1945లో, రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, రేడియో అక్కయ్య కామేశ్వరిగారు 'బాల' పత్రికను స్థాపించిరి. ఆ రెండు పత్రికలును నేడు వెలువడుట లేదు. చందమామ తరువాత నేను మధిర సుబ్బన్న దీక్షితులవారి 'కాశీమజిలీ కథలు' పట్టితిని. మా పెద్దలు వానిని కాలక్షేపపు కథలని యీసడించిరి. ప్రబంధములలోని దీర్ఘవర్ణనములకు దడియకుండ కూర్చుండగలిగిన యోపిక నాకు ఆ మజిలీలే నేర్పినవి.

పుస్తకములు లేవని కొందరందురు. అన్ని చోట్ల అది నిజము కాదు. పెక్కు పాఠశాలలకు కథల పుస్తకములు పంపబడినవి. అవి ఉక్కు బీరువాలో నున్నవి. బీరువాకు తాళము కలదు. నేను పనిచేసిన ఒక పాఠశాలలో పుస్తకములు వచ్చిన నాటి కట్టు త్రాళ్లైనను విప్పబడలేదు. కారణము దుర్బుద్ధి కాదు, భయము. పుస్తకము చిరిగినను పోయినను తనిఖీలో లెక్క అడుగుదురు. దాని వెల ఉపాధ్యాయుడే కట్టవలసి వచ్చునేమో యను దిగులు. ఇందుకు మందు పై యధికారుల చేతిలో నున్నది. ఏటేట ఇన్ని పుస్తకములు చిరుగుట సహజమని ముందుగనే యొప్పుకొని, ఆ మేరకు లెక్కనుండి కొట్టివేయవలెను. సుద్దముక్క అరిగినదని యెవరైనను సంజాయిషీ అడుగుదురా? 2022 జనవరి 1వ తేదీన కేంద్ర ప్రభుత్వమువారు నూరు దినముల పఠనోద్యమము ప్రారంభించిరి. మంచిదే. నూటయొకటవ దినమున బీరువాకు మరల తాళము పడకుండవలెను.

మేము ఆ పాఠశాలలో చేసినది చిన్న పని. రెండు కిటికీల నడుమ త్రాడు కట్టి, ఉతికిన బట్టలవలె పుస్తకములను దానిపై తెరచి వ్రేలాడవేసితిమి. అట్టమీది బొమ్మ పిల్లలకు కనబడవలెను. వారి చేతికి అందవలెను. మధ్యాహ్న భోజనమైన పిమ్మట అరగంట. ఎవరికి కావలసినది వారు తీసికొనుట. ఇష్టము లేనిచో మార్చుకొనుట. ఆ యరగంట ఉపాధ్యాయుడును ఒక పుస్తకము పట్టి చదువుకొనవలెను, హాజరుపట్టీ వ్రాసికొనరాదు. చదివినదానిపై ప్రశ్నలు లేవు. ముఖ్యముగ "ఈ కథలోని నీతి యేమి?" అను ప్రశ్న లేదు. ఈ ప్రశ్న మన పిల్లలను కథలకు దూరము చేసినంతగా మరేదియు చేయలేదని నా నమ్మకము. పాయసము త్రాగిన పిల్లవానిని అందు బెల్లమెంతయో లెక్క చెప్పుమనినచో, మరునాడు వాడు గిన్నె వద్దకు రాడు.

మూడవ తరగతి బాలుడొకడు సన్నని పుస్తకమొకటి తీసికొని తొమ్మిది దినములు అదే చదివెను. తోటి యుపాధ్యాయుడు "వానికి మరియొకటి ఇవ్వరాదా?" అనెను. నేను ఇవ్వలేదు. పదియవ దినమున వాడు నా వద్దకు వచ్చి, "మేష్టారూ, ఇందులో అందరికీ పేర్లున్నాయి, ముసలమ్మకు లేదేం?" అని యడిగెను. నేను వెదకి చూచితిని. నిజముగనే లేదు. ఎనిమిది నెలలు వాచకము అప్పజెప్పినప్పుడు ఆ బాలుడు ఒక్క ప్రశ్నయు అడిగి యుండలేదు.

ఇట్టి పని మన దేశమున క్రొత్తది కాదు. గుజరాతులో భావనగరమునందలి దక్షిణామూర్తి సంస్థలో పనిచేసిన గిజుభాయి బధేకాగారు 'దివాస్వప్న' అను గ్రంథమున ఒక ఉపాధ్యాయుని చిత్రించిరి. ఆ యుపాధ్యాయుడు ముందుగ వాచకము తీయడు, కథ చెప్పును. కథకు మరగిన పిల్లలకు పిదప పుస్తకములు చూపి, తరగతికే యొక గ్రంథాలయము కూర్చును. పిల్లలందరు ఒకే వాచకము కొనుటకు బదులు, ఆ సొమ్ముతో వేరు వేరు పుస్తకములు కొని పంచుకొనుట అందలి యుపాయము. ఇది 'పగటికల' యను పేర తెలుగున కూడ కలదు. ఉపాధ్యాయులు చదువదగినది.

ఇక పిల్లల పుస్తకముల భాష. నేనీ ప్రసంగమును ఏ భాషలో చేయుచున్నానో మీరు వినుచునే యున్నారు; అది నా యలవాటు. పిల్లల పుస్తకమునకు మాత్రము ఈ భాష తగదు. అది వారు ఇంట వినెడి మాటలలో నుండవలెను. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకు సవర భాషలోనే పుస్తకములు వ్రాసి చదువు చెప్పించిరి. నేటికిని కొండ ప్రాంతములలో కోయ, గోండి, సవర భాషలు మాటాడు పిల్లలకు తెలుగు వాచకము పరాయి భాషయే. వారిని మందమతులనుట అన్యాయము.

తల్లులకు ఒక మాట. తమకు చదువు రాదు గనుక పిల్లల చదువులో తమకు పాలు లేదని కొందరనుకొందురు. కూర తరుగుచు, "ఏదీ, ఆ కథ నాకు చదివి వినిపించు" అను తల్లికంటె మంచి శ్రోత లేదు. ఉపాధ్యాయునికి ఆ కథ ముందే తెలియును. అడుగుట పరీక్షకొరకని పిల్లవానికిని తెలియును. తల్లికి నిజముగ తెలియదు. ఆమె "తరువాత ఏమయిందిరా?" అనినప్పుడు, చెప్పవలసిన బాధ్యత వానిది. సెల్‌ఫోనును గూర్చి నన్ను చాలమంది అడుగుదురు. ఇంటిలో పెద్దల చేతిలో నున్నది పిల్లల చేతికి వచ్చును. అంతకంటె చెప్పుటకేమియు లేదు.

తండ్రులు ఒక లెక్క తెలిసికొనవలెను. 1960వ సంవత్సరపు గ్రంథాలయ శాసనము ననుసరించి, మీరు కట్టు ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకము చెల్లించుచున్నారు. కనుక మీ యూరి శాఖా గ్రంథాలయమునకు మీరు యాచకులుగ పోనక్కరలేదు. పిల్లవానిని వెంటబెట్టుకొని పోయి, వాని పేర సభ్యత్వమడుగుడు. పిల్లల పుస్తకములు లేకున్నచో ఎందుకు లేవని యడుగుడు. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము నెలకొల్పిన తరమువారికి ఇట్టి సుంకము లేదు. చందాలెత్తి పుస్తకములు కొనిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో పుస్తకములు పెట్టి, ప్రయాణికులకు చదువనిచ్చిరి. పాఠకుడు రాకున్న గ్రంథమే పాఠకుని యొద్దకు పోయినది.

చిరిగిన పుస్తకములను గూర్చి చెప్పి విరమింతును. మా త్రాటి మీది పుస్తకములు ఏడాది తిరుగక మునుపే నలిగినవి. శనివారము కడపటి గంటలో పిల్లలే మైదాపిండి జిగురు కాచి, పాత వార్తాపత్రికలతో అట్టలు వేసిరి. ఒక పుస్తకమునకు చివరి రెండు పుటలు దొరకలేదు. పారవేయుదమంటిమి, పిల్లలు ఒప్పుకొనలేదు. నాలుగవ తరగతివారు నలుగురు తలకొక కాగితముపై ఆ కథకు ముగింపు వ్రాసి తెచ్చిరి. నాలుగును వేరు వేరు. ఒకదానిలో రాజు చచ్చెను; ఒకదానిలో రాజునకు బుద్ధి వచ్చెను. ఏది సరియైనదో చెప్పుమని నన్నడిగిరి. నేను చెప్పలేదు. నాలుగింటిని పుస్తకము చివర వరుసగ అంటించి, మరల త్రాటిపై వేసితిమి. అది మొదలు అందరు ముందుగ ఆ పుస్తకముకొరకే పరుగెత్తిరి.