ఆమె ఒప్పుకుందన్న మాట చట్టం ముందు చెల్లదు



1991లో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో పదేళ్ల బాలిక ఏడుస్తూ ఉండగా ఎయిర్ హోస్టెస్ కంటపడింది. పక్కనున్న సౌదీ వృద్ధుడు ఆమె తన భార్య అన్నాడు. దేశం నివ్వెరపోయింది. ఇరవై ఆరేళ్ల తర్వాత, 2017 సెప్టెంబరులో, ఇలాంటి పెళ్లిళ్ల కేసులోనే హైదరాబాదు పోలీసులు ఒమన్, ఖతార్ దేశస్థులను, దళారులను, ఖాజీలను అరెస్టు చేశారు.

ఈ కాలమంతటా మారనిది ఒక్కటే సమర్థన: "నిఖా జరిగింది, తల్లిదండ్రులు ఒప్పుకున్నారు, పిల్ల తలూపింది." ఈ మాట చట్టం ముందు నిలవదని చెప్పడానికే నేడు మీ ముందుకు వచ్చాను.

భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ చూడండి. ఒక వ్యక్తిపై అధికారం ఉన్నవారికి డబ్బు ముట్టజెప్పి, వారి సమ్మతి సంపాదించి, లైంగిక దోపిడీ కోసం ఆ వ్యక్తిని తరలించడం అక్రమ రవాణాయే. బాధితురాలు ఒప్పుకుందా లేదా అన్నది అప్రస్తుతం. శిక్ష ఏడు నుంచి పదేళ్లు. బాధితురాలు 18 ఏళ్ల లోపు బాలిక అయితే పదేళ్ల నుంచి యావజ్జీవం. మెహర్ వధువు హక్కు. దళారి చేతికి, తండ్రి చేతికి అందే సొమ్ము మెహర్ కాదు, ఖరీదు. ఆ ఖరీదుకు నిఖానామా ముసుగు కారాదు.

ఇక రాష్ట్రం సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో తెచ్చిన ముందస్తు నిర్బంధ చట్టం వ్యభిచార రవాణాదారులను గూండాల సరసన చేర్చింది. దాని కింద విచారణ లేకుండానే ఏడాది వరకు నిర్బంధించవచ్చు. తెలంగాణలో ఈ చట్టాన్ని విచ్చలవిడిగా వాడుతున్న తీరును 2023లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. విచారణ లేని నిర్బంధం నేర నిరూపణ కాదు. పైగా ఆ చట్టం దృష్టి అంతా నిందితుడి మీదే. రక్షించిన బాలిక రేపు ఎక్కడ తలదాచుకోవాలో అది చెప్పదు.

ఆమెకు హక్కులు లేకపోలేదు. నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం నష్టపరిహార పథకం నడపాలి. నిందితుడి ఆచూకీ దొరకక విచారణ జరగకపోయినా ఆమె పరిహారం కోరవచ్చు. న్యాయసేవాధికార సంస్థ రెండు నెలల్లో విచారణ ముగించాలి. 1987 చట్టం కింద ఉచిత న్యాయవాదిని పొందే హక్కూ ఉంది. విమానమెక్కి వెళ్లిపోయిన వరుడి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన పని లేదు.

కాబట్టి మనం రాష్ట్రాన్ని అడగవలసినది మరింత కఠినమైన శిక్ష కాదు. బాధితురాలికి తక్షణ సహాయం, ఉర్దూలో వాంగ్మూలం, చదువు కొనసాగే వసతి, అమ్మిన ఇంటికే విచారణ లేకుండా తిప్పి పంపబోమన్న హామీ - ఇవన్నీ చట్టంలో అక్షరాలుగా ఉండాలని అడగాలి.

మనల్ని మనం కూడా అడుగుకోవాలి. వయసు ధ్రువపత్రం చూడకుండా నిఖా చదివే ఖాజీని మొహల్లా నిలదీయాలి. అనుమానం కలిగిన నాడే 1098కి ఫోన్ చేయాలి. పేదరికం ఆ తల్లిదండ్రుల తప్పు కాకపోవచ్చు. తెలిసీ మౌనంగా ఉండటం మాత్రం మన తప్పే.