ఇందూరు వాకిటి విమానాశ్రయము

బోధనునుండి శంషాబాదు విమానాశ్రయమునకు 200 కిలోమీటర్లకు పైబడిన దూరమున్నది. ఐనను దానిని మన జిల్లావారి వాకిలి అనినచో తప్పుపట్టువారుండరు. ఆర్మూరు, బాల్కొండ, వర్ని, బోధను ప్రాంతములలో గల్ఫు పోయిన మనిషి లేని వాడకట్టు అరుదు.

మనవారు మొదట పట్టిన త్రోవ మాత్రము హైదరాబాదు త్రోవ కాదు, బొంబాయి త్రోవ. 1973లో చమురు ధర పెరిగిన పిమ్మట గల్ఫు దేశములలో కట్టడపు పనులు ముమ్మరమైనవి. నాడు మన పల్లెలవారు నిజామాబాదులో మీటరు గేజి రైలు ఎక్కి, మన్మాడులో బండి మారి బొంబాయి చేరెడివారు. అక్కడ ఏజెంటు చూపిన గదిలో పదిమంది నడుమ చాప పరచుకొని, వీసా వచ్చునను ఆశతో వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు గడపెడివారు. ఊరిలో తెచ్చిన అప్పునకు వడ్డీ మాత్రము ఆగెడిది కాదు.

హైదరాబాదులో అప్పటికి విమానాశ్రయము లేకపోలేదు. 1945లో నిజాము ప్రభుత్వము, టాటాలు కలిసి నెలకొల్పిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేటనుండియే నడచినది. 1953లో అది జాతీయ సంస్థలో కలిసినది. కాని నగరము పెరిగి ఇండ్లు ఆ మైదానమును చుట్టుముట్టినవి. ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. గ్రీసు రాజధాని ఏథెన్సులో సముద్రపుటొడ్డున ఎల్లినికోనులోనున్న పాత విమానాశ్రయమును 2001 మార్చిలో మూసి, నగరమునకు తూర్పున స్పాటా యొద్ద క్రొత్తది తెరచిరి. బెర్లినులోని టెంపెల్‌హోఫ్ 2008 అక్టోబరులో మూతపడినది. అదే సంవత్సరము మార్చి 23న శంషాబాదునుండి విమానములు ఎగురసాగినవి. బేగంపేటలో ప్రయాణికుల రాకపోకలు నిలిచినవి. క్రొత్త విమానాశ్రయపు స్థలము సుమారు 5,500 ఎకరములు, రన్‌వే పొడవు 4,260 మీటర్లు.

సంఖ్యలటుండనిండు. గడచిన యేడు మా మేనల్లుని సాగనంపుటకు నేనును పోయితిని. మా బావ బోధను చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. 1937లో స్థాపితమై, ఆసియాలోనే పెద్దదని పేరుపొందిన ఆ ఫ్యాక్టరీకి పని వెదకుకొనుచు పొరుగు జిల్లాలవారు వచ్చిన కాలమొకటి యుండెను. 2015 డిసెంబరులో గానుగ ఆగినది. అది ఆగుటవలననే మనవారు గల్ఫు బాట పట్టిరనుట సరికాదు. ఆ బాట అంతకు నలుబది యేండ్ల క్రిందటనే పడినది. ఐనను శక్కర్‌నగరులో పుట్టిన పిల్లవాడు పెట్టె సర్దుకొనునప్పుడు ఆ పొగగొట్టము గుర్తుకు రాకమానదు.

సాయంకాలము బయలుదేరిన జీపు కామారెడ్డి దాటి, మేడ్చలు దాపున వలయ రహదారి ఎక్కి, నగరమును తాకకయే అర్ధరాత్రికి శంషాబాదు చేరినది. టిక్కెట్టు లేనివారు గాజు తలుపు కడనే ఆగవలెను.

“కాయిదాలు పైలంగ పెట్టినవా కొడుకా?” అని అక్క అడిగినది. “పెట్టిన అవ్వా” అనెను వాడు.

ఆ కాగితములే అసలు సంగతి. పదవ తరగతి గట్టెక్కనివారి పాస్‌పోర్టుపై వలస తనిఖీ నిబంధన యుండును. అట్టివారు గల్ఫు దేశములతో సహా 18 దేశములకు కొలువునకై పోవలెనన్నచో, 1983 నాటి వలస చట్టమును బట్టి వలసదారుల సంరక్షకాధికారి అనుమతి పొందవలెను. దానితోపాటు ప్రమాదమున మరణించినచో పది లక్షల రూపాయలిచ్చు బీమా యుండును. ఏజెంటు మాట నమ్మి సందర్శకుల వీసాపై కొలువునకు పోవువానికి ఆ అనుమతి లేదు, ఆ బీమాయు లేదు. తనిఖీ బల్లయొద్ద పట్టుబడినచో వెనుకకు పంపుదురు. అదియొక విధముగా అదృష్టమే. పట్టుబడక దాటిపోయిన వానికి ఆ దేశమున చెప్పుకొనుటకు దిక్కుండదు.

ఆ విమానాశ్రయమునకు మరియొక ద్వారమున్నది. సరకులు దిగు వైపున, అంబులెన్సులు నిలుచు చోటది. పరదేశమున కన్నుమూసిన మనవారు పెట్టెలలో ఆ ద్వారముననే వత్తురు. ఇంటివారు చేతిలో కాగితము పట్టుకొని అక్కడ వేచియుందురు. దానిని గూర్చి మన పల్లెలలో పెద్దగా మాటలాడుకొనరు.

మన జక్రాన్‌పల్లిలో విమానాశ్రయము కట్టవలెనను ప్రతిపాదన చాలకాలముగా వినబడుచున్నది. కట్టినచో సంతోషమే. ఐతే విదేశ విమానము దిగుటకు రన్‌వే ఒక్కటే చాలదు. కస్టమ్సు, వలస తనిఖీ కావలెను, దినదినము సీట్లు నింపు ప్రయాణికులు కావలెను. జీపు ప్రయాణము ఇంకను కొంతకాలము తప్పదని నా యభిప్రాయము.

మా మేనల్లుడు లోపలికి పోయి, వెనుకకు తిరిగి ఒకసారి చేయి ఊపెను. తరువాత జనములో కలిసిపోయెను. అక్క ఆ గాజు తలుపు కడ ఇంకను గంటసేపు నిలిచినది.

తిరుగు ప్రయాణమున తూప్రాను దగ్గర చాయ త్రాగుటకు జీపు ఆగునప్పటికి తెల్లవారుచుండెను. ఆమె చాయ ముట్టలేదు. ఫోను చేతిలోనే పట్టుకొని, “విమానం లేచిందారా తమ్మీ?” అని నన్ను రెండుసార్లు అడిగినది.