వసంతకాలపు మంచు: అదను, పదును



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనమెన్నడును చూడని దేశములను మన ముంగిటికి తెచ్చుచున్నది. ఆ చనువుతోనే నేడు మన యెండలకు దూరమైన యొక విషయము ముచ్చటింపదలచితిని.

ఆల్ప్సు పర్వతములలోను, మన హిమాలయములందు గుల్‌మార్గు ప్రాంతమునను, స్కీలనెడి పొడవైన పలకలను కాళ్లకు కట్టుకొని, బాటలేని మంచువాలుల నెక్కి, జారుచు దిగువారు కలరు. వసంతమున వారి ప్రాణము గడియారముపై ఆధారపడియుండును.

పగటి యెండకు కరగి, రాత్రి చలికి మరల గడ్డకట్టుచు, మంచు రేణువులు గుండ్రని గింజలవలె మారును. తెల్లవారుజామున ఆ మంచు రాతివలె నుండును. ఎండ తగిలి పై అంగుళము మాత్రము మెత్తబడినప్పుడు స్కీలు హాయిగా సాగును. ఎండ లోతునకు దిగినచో రేణువుల పట్టు సడలును. కరగిన నీరు అడుగు పొరలకు చేరును. వాలంతయు మంచుచరియయై విరిగిపడవచ్చును. మన రైతు నల్లరేగడిలో అరక కట్టుటకు ముందు పదును చూచునట్లే, వారును మంచు పదును చూడవలెను.

మొదట చూడవలసినది గడచిన రాత్రి. ఆకాశము నిర్మలమైనచో మంచులోని వేడిమి పైకి పోయి, గాలి యంత చల్లగా లేకున్నను, పైపొర గడ్డకట్టును. మబ్బు పట్టినచో అది దుప్పటివలె వేడిమిని నిలుపును. అట్టి రాత్రి గడచిన ఉదయమున బయలుదేరకుండుటయే మేలు.

రెండవది దిక్కు. తూర్పు వాలు ముందుగను, పిదప దక్షిణపు వాలు, చివరకు పడమటి వాలు మెత్తబడును.

మూడవది పాదము. బూటు చీలమండ దాక దిగబడినను, మంచు ఉండలు తమంత తామే దొర్లుచున్నను, ఏటవాలు ప్రదేశమును వెంటనే విడువవలెను. ముప్పది డిగ్రీలకు మించిన వాలులు మిక్కిలి ప్రమాదకరములు.

స్విట్జర్లాండులో దావోసు పట్టణమునకు పైనున్న శిఖరప్రాంతమున 1936లో హిమ పరిశోధనశాల వెలసినది. నేడు అచ్చటి సంస్థ మంచుకాలమున ప్రతిదినము హెచ్చరికలు ప్రకటించును. అవి ప్రాంతమంతటికి వర్తించునవి; కాలిక్రింది వాలును ఎవరికి వారే పరీక్షించుకొనవలెను.

అన్నిటికన్న కష్టమైనది మరలివచ్చుట. నాలుగు గంటలు శ్రమించి ఎక్కినవానికి, శిఖరము కనుచూపుమేరలో నుండగా, వేళ మించినదని ఒప్పుకొనుటకు మనసు రాదు. కాని మంచు మన శ్రమను లెక్కింపదు. అదను తప్పినదని గ్రహించి మరలినవాడు మరునాడు మరల ఎక్కగలడు.

గ్రంథము లక్షణములను తెలుపును. వానిని గుర్తించి నడచుకొనుట చదువరి వంతు. అట్టి చదువరులను ఈ గ్రంథాలయము ఇంకను పెంపొందించుగాక.