పరభాషా బోధనలో పలకరింపు

పది సంవత్సరములు ఇంగ్లీషు చదివిన బాలుడు, ఇంటికి వచ్చిన అతిథి ఆ భాషలో కుశలప్రశ్న వేయగానే తల వంచుకొని లోపలికి పోవుట మనకు క్రొత్త దృశ్యము కాదు. వానికి వ్యాకరణము రాక కాదు. క్రియారూపములను వరుసగా ఒప్పజెప్పగలడు. అయినను నోరు పెగలదు. చదువుపై ఇంత కాలమును, ఇంత ధనమును వెచ్చించుచున్న తల్లిదండ్రులకు ఆ మౌనము చిన్న సంగతి కాదు. దాని కారణమేమో కొంచెము ఆలోచింతము.

19వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశమున ఫ్రాన్స్వా గ్వెన్ అను లాటిన్ ఉపాధ్యాయుడుండెను. జర్మన్ భాష నేర్వగోరి ఆయన హాంబర్గు నగరమునకు పోయి, గదిలో కూర్చుండి, వ్యాకరణ గ్రంథమును, 248 విషమక్రియలను పది దినములలో కంఠస్థము చేసినాడు. తరువాత విశ్వవిద్యాలయములో ఉపన్యాసము వినగా ఒక్క మాటయు బోధపడలేదు. పిమ్మట నిఘంటువునే వల్లించినాడు, ఫలితము లేకపోయినది. స్వదేశమునకు మరలివచ్చి చూడగా, మూడేండ్లయినను నిండని ఇంటి బాలుడొకడు ఈలోగా మాటలు నేర్చి, చూచినదెల్ల గలగల చెప్పుచుండెను. వాడు నిఘంటువు తెరువలేదు. తన సంగతులను తనవారితో చెప్పుకొనుచు భాషను పట్టుకొన్నాడు. గ్వెన్ తన బోధనా పద్ధతిని 1880లో గ్రంథరూపమున ప్రకటించినాడు.

అంతకు రెండేండ్ల ముందే, 1878లో, అమెరికాలోని ప్రావిడెన్సు పట్టణమున బెర్లిట్జ్ తన భాషా పాఠశాలను స్థాపించినాడు. అచ్చట మాతృభాషకు ప్రవేశము లేదు. వస్తువును చూపి, 'ఇది ఏమి?' అని అడుగుట, 'ఇది పుస్తకము' అని చెప్పించుట అక్కడి పద్ధతి. దీనివలన తరగతిలో భాష వినబడసాగినది. అది గొప్ప మేలు. అయినను మేమొక సందేహమును వెలిబుచ్చుచున్నాము. అది పుస్తకమని అడుగువానికి తెలియును. అతనికి తెలియునని చెప్పువానికిని తెలియును. తెలిసిన దానినే అడుగువాడు పరీక్షాధికారి యగును గాని సంభాషించువాడు కాడు. తనకు తెలియని సంగతిని, తెలిసికొనవలెనను కోరికతో అడిగినప్పుడే మాటకు ప్రాణము వచ్చును.

20వ శతాబ్ది చివరి కాలమున కాలిఫోర్నియాలో స్పానిషు బోధించిన బ్లెయిన్ రే అను ఉపాధ్యాయుడు కథల ద్వారా భాష నేర్పు పద్ధతి నొకదానిని రూపొందించినాడు. విద్యార్థులను వారి సంగతులే అడుగుట అందులో నొక ముఖ్యాంగము. 'నీ యింట కుక్క కలదా?' అని ఒక బాలికను అడుగుదురు. కలదనిన, 'పెద్దదా, చిన్నదా?' అందురు. పిదప దాని పేరడిగి, తరగతి వైపు తిరిగి, 'ఈమెకు ఏమి కలదు?' అని ప్రశ్నింతురు. స్పానిషులో 'తెంగో' అనిన నాకు కలదు, 'తియెనెస్' అనిన నీకు కలదు, 'తియెనె' అనిన ఆమెకు కలదు. పట్టికగా వ్రాసి వల్లింపజేయవలసిన ఈ రూపములన్నియు ఒక్క కుక్క పుణ్యమా అని పదేపదే చెవిని బడును. విసుగు పుట్టదు, తోటి విద్యార్థిని సంగతి గదా!

మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవర భాష నేర్చిన విధమును ఇచ్చట స్మరింపదగును. ఆ భాష మాట్లాడువానిని ఇంట నుంచుకొని, ముందు మాట నేర్చిరి. వారి సవర భాషా వ్యాకరణము వెలువడినది 1931లో.

ఈ పలకరింపునకు కొన్ని హద్దులు కలవు. తండ్రి లేని బిడ్డను తండ్రి ఉద్యోగమడుగరాదు. కులము, ఆదాయము జోలికి పోరాదు. ఇంటి సంగతి చెప్ప నిష్టపడని బాలుడు, 'మా యింట ఏనుగు కలదు' అని కల్పించినను ఉపాధ్యాయుడు సంతోషముగా స్వీకరించి, 'అది ఏమి తినును?' అని అడుగవలెను. తప్పు దొరలినచో సంభాషణ నాపక, ఆ మాటనే తాను సరిగా పలికి ముందుకు సాగవలెను.

యాబది మందిగల తరగతిలో ఇది సాధ్యమా యని కొందరడుగుదురు. దినమునకు ఇద్దరి చొప్పున పలకరించినను ఇరువదియైదు దినములలో అందరి వంతు వచ్చును. ఒకరు చెప్పుచుండగా తక్కినవారు వినుచునే యుందురు, వినుటయు నేర్చుటయే. ఇద్దరి మాటలను పోల్చి మూడవవానిని అడిగినచో వెనుక బల్లవారును మేలుకొని యుందురు.

తల్లిదండ్రులును దీనికి తోడ్పడవచ్చును. రాత్రి భోజనవేళ, 'ఏమి చదివితివి?' అని తెలుగున అడుగుటకు మారుగా, 'నేడు నీ స్నేహితుడు ఏమి చెప్పెను?' అని, వచ్చినంత ఇంగ్లీషులోనే అడిగి చూడుడు. వచ్చిన సమాధానము రెండు మాటలే కావచ్చును; తప్పుగను ఉండవచ్చును. దిద్దుటకు తొందరపడక, చివర వరకు వినుడు. వినువారు కలరని తెలిసిన బిడ్డ మరునాడు మూడవ మాటను వెదకుకొనును.