దీప్తి పరుగు

శ్రోతలారా! నేను పీర్జాదిగూడ నివాసిని. మా యూరిమీదుగా పోవు రాజమార్గము వరంగల్లును చేరును. ఆ జిల్లాలోని కల్లెడ గ్రామమున జన్మించి, పరుగుపందెములలో ప్రఖ్యాతి నొందిన జీవాంజి దీప్తిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

దీప్తి పేదయింటి బిడ్డ. పుట్టుకతోడనే బుద్ధివికాసమున కొంత లోపము కలిగినది. ఊరిలో కొందరు నవ్విరి. బిడ్డను వదలివేయుడని తల్లిదండ్రులకు చెప్పినవారును గలరు. వారు వినలేదు. హైదరాబాదులో నాగపురి రమేశ్ గారు ఆమెకు శిక్షణ మిచ్చిరి.

ఆమె పందెము 400 మీటర్లు, అనగా సుమారు రెండు ఫర్లాంగులు. 2023లో చైనాయందలి హాంగ్‌ఝౌ నగరమున, ఆసియా పారా క్రీడలలో స్వర్ణపతకము గెలిచెను. 2024 మే నెలలో జపానులోని కోబే నగరమున 55.07 సెకండ్లలో పరుగు ముగించి, నాటికి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఆ సెప్టెంబరులోనే పారిస్ పారాలింపిక్సునందు 55.82 సెకండ్లతో కాంస్యపతకము నందెను.

పెద్దలారా! తలవంచుకొని చెప్పవలసిన మాట యొకటి కలదు. మా వీధిలో అట్టి బిడ్డను జూచి నేనును నవ్వినవాడనే. పతకము వచ్చిన పిమ్మట పొగడుట సులభము. రచ్చబండమీద మన మాడు మాటయే అట్టి తల్లిదండ్రులకు బలమైనను, భారమైనను. పతకము తేలేని బిడ్డయు మన బిడ్డయే. ఆ మంచిమాట ముందుగానే చెప్పుదము.