కారు కంపెనీ పేరు మీద కొనాలా, లీజుకు తీసుకోవాలా?

(న్యూజెర్సీలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాజకీయాలు మాట్లాడుకునే చోట వీడికి కారు గోల ఏమిటి అనుకుంటున్నారేమో. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యమా అని మన దగ్గర ఎన్నికల్లో నిలబడేవారు ఆస్తులు చెప్పుకోవలసి వస్తోంది. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ అఫిడవిట్లు ఒకరికొకరం పంపుకొని, "కోట్లున్నవాడికి సొంత కారు లేదట" అని నవ్వుకుంటాం. మరి మనలో ఎల్‌ఎల్‌సీ పెట్టుకున్నవాళ్ళ కార్లు ఎవరి ఖాతాలో ఉన్నాయి? నా సంగతి చెబుతాను.

2018 డిసెంబరు. గ్రీన్ కార్డు వచ్చి ఏడాది కాలేదు. చిన్న ఎల్‌ఎల్‌సీ పెట్టి మోటెళ్ళకూ క్లినిక్కులకూ సాఫ్ట్‌వేర్ పెట్టేవాణ్ణి. రోజుకు రెండు మూడు చోట్లకు తిరుగుడు. ఒక పార్టీలో ఒక అన్నగారు, "తమ్ముడూ, ఆరు వేల పౌండ్లు దాటిన ఎస్‌యూవీ కొను. ఈ ఏడే మొత్తం ఖర్చు రాసేయొచ్చు, కారు ఫ్రీగా వచ్చినట్టే" అన్నారు. వారం తిరక్కుండా 52,000 డాలర్ల బండి ఇంటి ముందుంది.

ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. కంపెనీవాడు ఇచ్చే స్థూల బరువు రేటింగు 6,000 పౌండ్లు దాటితే మామూలు కార్లకుండే తరుగుదల పరిమితులు వర్తించవు. 2017 చివర్లో వచ్చిన చట్టం 100 శాతం బోనస్ తరుగుదల ఇచ్చింది. నా తిరుగుడులో 80 శాతం పనికే అని లెక్క వేసి 41,600 డాలర్లు రాసేశాం. అయితే అది తగ్గేది ఆదాయంలోంచి, పన్నులోంచి కాదు. మూడో వంతుకు అటూ ఇటూగా మిగిలింది. మిగతా రెండు వంతులూ నేను కట్టినవే. ఫ్రీ ఎక్కడుంది?

అన్నగారు చెప్పని ముక్క ఇంకొకటుంది. వాడకంలో సగానికి పైగా వ్యాపారానికే ఉండాలి. కొన్న ఏడు ఒక్కటే కాదు, తరువాతి ఏళ్ళలో కూడా. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి క్లయింట్లంతా "ఇంట్లోంచే చెయ్యండి" అన్నారు. బండి గుమ్మం కదలలేదు, నెల వాయిదా మాత్రం ఆగలేదు.

మరుసటి ఏడు లెక్కలు చూసేవాడు మైలేజీ లాగ్ అడిగాడు. నా దగ్గర లేదు. క్యాలెండరూ టోల్ స్టేట్‌మెంట్లూ ముందేసుకొని రెండు రాత్రులు కూర్చున్నాను. మా ఆవిడ చూసి, "గుడికీ కాస్ట్‌కోకూ పోయిన మైళ్ళు ఎందులో వేశారు?" అంది. అవన్నీ తీస్తే వ్యాపారం వాటా 20 శాతం తేలింది. స్నేహితుడొకడు, "51 అని రాసేయరా, ఎవడు చూస్తాడు" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రాయలేదు. ముందు ఎక్కువగా రాసుకున్న తరుగుదల, ముప్పై వేల డాలర్లకు అటూ ఇటూగా, తిరిగి ఆదాయంలో కలిసింది. పని తగ్గిన ఏడే ఆ పన్ను కట్టాను.

అదే బండి లీజుకు తీసుకుని ఉంటే? వ్యాపారం వాటా ఎంతైతే లీజు వాయిదాలో అంతే ఖర్చు. వాటా పడిపోతే ఖర్చు తగ్గుతుంది గాని తరుగుదలను తిరిగి ఆదాయంలో కలిపే పని ఉండదు. కాని మూడేళ్ళ మధ్యలో వదిలించుకోవడం ఖరీదైన పని. మైళ్ళు సాధారణంగా ఏడాదికి 10,000 నుంచి 15,000, దాటితే మైలుకింతని వడ్డన. పైగా చిన్న ఎల్‌ఎల్‌సీ పేరు మీద తీసుకున్నా మీ చేత సొంత పూచీ సంతకం పెట్టిస్తారు. లీజులో వడ్డీ కనపడదు, మనీ ఫ్యాక్టర్ అంటారు. దాన్ని 2,400తో గుణించండి. 0.0025 అంటే 6 శాతం వడ్డీ.

మూడో దారి ఉంది, దీని గురించి డీలరు చచ్చినా చెప్పడు. కారు మీ పేరు మీదే ఉంచుకొని వ్యాపారం మైళ్ళకు ఐఆర్‌ఎస్ రేటు రాసుకోవడం. 2025కు అది మైలుకు 70 సెంట్లు. 6,000 మైళ్ళకు 4,200 డాలర్లు, టోలూ పార్కింగూ అదనం. కంపెనీ పేరు మీదైతే తరచు అడిగే కమర్షియల్ ఇన్సూరెన్సు బాధ తగ్గుతుంది. సొంత కారైతే ఈ పద్ధతి మొదటి ఏడే ఎంచుకోవాలి, తరువాత కావాలంటే మారవచ్చు. లీజు కారైతే లీజు అయిపోయేదాకా ఇదే పద్ధతి. ఇల్లు నుంచి రోజూ వెళ్ళే ఒకే ఆఫీసుకు దూరం మాత్రం ఏ పద్ధతిలోనూ లెక్కకు రాదు. మనవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. డబ్ల్యూ-2 ఉద్యోగులకైతే 2018 నుంచి ఫెడరల్ లెక్కల్లో ఈ మినహాయింపే లేదు. హెచ్-1బి మీద ఉండి సొంత ఎల్‌ఎల్‌సీ అనేవారు కారు కంటే ముందు లాయరును చూడండి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మధ్యలో తగ్గిన ఆ 100 శాతం బోనస్, 2025 జనవరి 19 తరువాత కొన్నవాటికి మళ్ళీ వచ్చింది. పార్టీల్లో బిర్యానీ దగ్గర అవే మాటలు మళ్ళీ వినిపిస్తున్నాయి. కొనేముందు మూడు నెలలు, ఇప్పుడున్న కారులోనే, తేదీ, చోటు, పని, మైళ్ళు రాసి చూడండి. వ్యాపారం వాటా 80 వచ్చి, ఆ పని ఐదేళ్ళు ఉంటుందన్న నమ్మకం ఉంటే కొనండి. 55 వస్తే వద్దు.

నేను ఆ ఎస్‌యూవీ అమ్మేశాను. బయట ఉన్న పాత క్యామ్రీ నాది, నా పేరు మీదే ఉంది. లాగ్ పుస్తకం గ్లోవ్ బాక్సులో ఉంది, చూస్తామంటే తాళం ఇస్తాను.