పటము నుండి పెట్టె వఱకు
(కొండగట్టున జరిగిన వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ముప్పదినాలుగేండ్లు బాలురచేత శబ్దమంజరి వల్లె వేయించి విశ్రాంతి పొందిన నన్ను ఈ మహాసభలో మాటలాడుమని కార్యనిర్వాహకులు ఆజ్ఞాపించిరి. దూరదర్శనమున కథలు చెప్పుటను గూర్చియు, రచనలను ప్రకటించుటను గూర్చియు ప్రసంగింపుమని విషయమును సైతము వారే నిర్ణయించిరి. నేను పేరుపొందిన గ్రంథకర్తను గాను. అయినను ఈ విషయమున నాకొక నష్టము కలిగినది. పండితుని సిద్ధాంతముకంటె నష్టపోయినవాని అనుభవము సభకు ఎక్కువగా ఉపకరించునను ధైర్యముతో నిలిచితిని.

మనము కూడియున్నది ఆంజనేయస్వామి సన్నిధి. సుందరకాండమున హనుమంతుడు శింశుపావృక్షము నెక్కి చేసిన ఆలోచన కథకులందఱకును మొదటి పాఠము. సంస్కృతమున పలికినచో సీతాదేవి తనను రావణునిగా తలచి భయపడునేమోయని శంకించి, జనులు వాడుకొను మానుషభాషనే మాటలాడుటకు నిశ్చయించెను. తానెవరో తెలుపుటకు మున్ను రామకథను వినిపించెను. వినువారెవరు, వారి భయమేమి, ఏ భాష వారికి హితము అను ప్రశ్నలను విచారింపక కథ చెప్పబూనువాడు ఎంత విద్వాంసుడైనను విఫలుడగును.

మన పద్మశాలి కులమునకు బొమ్మలతో కథ చూచుట క్రొత్త గాదు. కూనపులివారు పటము పట్టుకొని మన వీధులకు వచ్చి, మార్కండేయ పురాణమును, తామరతూడుల దారముతో దేవతలకు వస్త్రము నేసిన భావనఋషి చరిత్రమును చెప్పుచుండిరి. చేర్యాల నకాషీవారు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి, దానిపై ఈ కథలను వరుసగా చిత్రించువారు. మూరెడు మూరెడుగా పటము విప్పుచు, ఒక్కొక్క బొమ్మను కఱ్ఱతో చూపుచు, కథకుడు పాడుచుండును. మనకు కూనపులివారెట్లో, గొల్లలకు మందహెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడగలవారు అట్లు.

1968 ప్రాంతమున, నేను బాలుడనై యుండగా, మా సాలెవాడలో ఒక కూనపులి వృద్ధుడు ఏడు రాత్రులు కథ చెప్పెను. ప్రతి రాత్రియు భావనఋషికి సంకటము సంభవించినచోట పటమును చుట్టివైచి, త్యాగము పళ్లెరమును ముందు పెట్టువాడు. మేము నిద్రలేక మఱునాటికై వేచియుండువారము. కావున రేపేమగునోయను ఉత్కంఠతో జనులను నిలుపుట దూరదర్శనమువారు కనిపెట్టిన విద్య కాదు. కాని ఏడవ రాత్రి హారతితో కథ ముగిసెడిది. ఫలమందినదను తృప్తితో ఇండ్లకు పోవువారము.

భారతదేశమున దూరదర్శన ప్రసారము 1959లో ఢిల్లీయందు ఆరంభమై, 1977లో హైదరాబాదు కేంద్రము వెలసినది. 1987 జనవరి 25 మొదలు 1988 జూలై వఱకు ఆదివారపు ఉదయములందు రామానంద సాగరు రామాయణము ప్రసారమైనది. అప్పుడు నేను ఉపాధ్యాయుడనై యున్న గ్రామమున పంచాయతీ ఆఫీసులో ఒక్కటే పెట్టె. సంభాషణలు హిందీలో నుండుటచే వృద్ధురాండ్రకు బోధపడలేదు. నేను పెట్టె ప్రక్కన నిలిచి తెలుగున చెప్పుచుంటిని. ఒకనాడు ఒక అవ్వ, “సారూ, నువ్వు మా కూనపులాయన లెక్కనే జెప్పుతున్నవ్” అనెను. నేనందుకొన్న సన్మానములలో ఇదియే గొప్పది.

1995లో ప్రైవేటు తెలుగు చానళ్లు వచ్చిన పిదప దినదినము నడచు ధారావాహికలు ప్రబలినవి. ధనంజయుడు దశరూపకమున ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అని కార్యమునకు అయిదవస్థలు చెప్పెను. నేటి ధారావాహిక ఆరంభమును దాటి యత్నమున చిక్కుకొని, ప్రాప్త్యాశ కనబడగనే వెనుకకు మరలుచున్నది. దీనికి కారణము రచయితల అసామర్థ్యము గాదు. ప్రకటనల ద్రవ్యముపై చానలు జీవించును. ఆ ద్రవ్యము చూచువారి సంఖ్యను బట్టి వచ్చును. చూచువారున్నంతకాలము కథ ముగియరాదు. వారు తగ్గినచో ఏ సంధియందున్నను త్రుంచివేయుదురు. తన కథ ఎప్పుడు ముగియునో తానెఱుగని రచయిత బీజమును ఎట్లు నాటగలడు? నిందింపవలసినది పద్ధతిని గాని కలమును గాదు. ఆ కలముతో ఎన్నియో కుటుంబములు అన్నము తినుచున్నవి.

ఇక నా నష్టము. 2004లో మా వీధికి వచ్చు కూనపులివారి సంతతిలో ఒక వృద్ధుడు మిగిలియుండెను. శీతకాలపు సెలవులలో ఆయనను ఇంట నుంచుకొని, ఏడు రాత్రుల కథను మూడు నోటుపుస్తకములలో వ్రాసితిని. దానిని ఆధారము చేసికొని, ఒక మగ్గపువాని కుటుంబమున తాత ఈ కథ చెప్పుచున్నట్లు పదుమూడు భాగముల దృశ్యకథను కూర్చితిని. ఆ వృద్ధుడు నాతో ఇట్లనెను: “సారూ, డబ్బల ఏసిన బొమ్మ కరెంటు పోంగనె పోతది. ముందుగాల బుక్కు జెయ్యి.” నేను వినలేదు. పుస్తకమైనచో మూడువందలమంది చదువుదురు, పెట్టెలో వచ్చినచో లక్షలమంది చూతురని ఆశపడితిని.

హైదరాబాదులో ఒక నిర్మాత కార్యాలయమునకు పోతిని. వారు మర్యాదగనే వినిరి. మగ్గపుటిల్లు చూచుటకు బాగుండదు గాన మేడగా మార్చుమనిరి. తాత స్థానమున కుట్రలు పన్ను అత్తను పెట్టుమనిరి. ఆలోచించి చెప్పెదనని, వారు కోరగా దృశ్యకథను, దానితోకూడ మూడు నోటుపుస్తకములను వారియొద్దనే విడిచివచ్చితిని. నకలు తీయలేదు. రసీదు అడుగలేదు. ఆఱు నెలలకు పోయి చూచితిని. కార్యాలయము అచ్చటినుండి లేచిపోయినది. కాగితముల జాడ తెలిసినవారు లేరు. ఆ సంవత్సరమే వృద్ధుడు కాలధర్మము నొందెను. ఆయన కుమారులు బ్రతుకుదెరువునకు భివండి పోయిరి. వారికి పాట రాదు. పిల్లలకు సంధులు తప్పక నేర్పిన నేను పదిరూపాయల నకలు తీయించుకొనుట నేర్వనైతిని. ఎవరిని నిందింతును? తరువాత ఎనిమిదేండ్లు శ్రమించి జ్ఞాపకమునుండి నాలుగు రాత్రుల కథను మరల వ్రాసితిని. తక్కిన మూడు రాత్రులు నాకు రాలేదు.

అచ్చు విలువ మన పూర్వులు ఎఱుగుదురు. తెలంగాణమున కవులు లేరను నిందకు సురవరము ప్రతాపరెడ్డిగారు వాదముతో గాక గ్రంథముతో బదులు చెప్పిరి. 1926లో తాము స్థాపించిన గోలకొండ పత్రిక ద్వారమున పద్యములు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఆ సంచిక లేనిచో అందలి పెక్కుమంది పేర్లు వారి గ్రామములు దాటియుండవు.

ఇట్లన్నంతమాత్రమున నేను బొమ్మకు శత్రువును గాను. ఈ కొండకు చేరువనే, మల్యాల మండలమందలి లంబాడిపల్లిలో, 2012 నుండి కొందఱు యువకులు “మై విలేజ్ షో” అను పేర యూట్యూబున మన పల్లెజీవనమును మన మాటలోనే చూపుచున్నారు. అందు నటించిన మిల్కూరి గంగవ్వ కూలిపని చేసికొని బ్రతికిన స్త్రీ, బడిచదువు లేదు. 2020లో బిగ్ బాస్ కార్యక్రమమువారే ఆమెను పిలిచిరి. ఆమె భాష మార్చుకొనలేదు. లోకమే ఆమె భాష వినుటకు వచ్చినది. హనుమంతుడు చెట్టుపై నిశ్చయించుకొన్న మానుషభాష ఇట్టిది. మేడ కట్టుమన్న నిర్మాతకు నేను చెప్పలేకపోయిన ఉత్తరము లంబాడిపల్లి చెప్పినది.

కలము పట్టిన యువకులకు నాలుగు మాటలు. 1957 కాపీరైటు చట్టము ప్రకారము వ్రాసినంతనే హక్కు కలుగును. రిజిస్ట్రేషను విధి గాదు. అది రచయిత జీవితాంతమును, తదనంతరము అఱువదేండ్లును నిలుచును. కాని హక్కు వ్రాతకే గాని ఊహకు గాదని సుప్రీంకోర్టు 1978లో తీర్పు చెప్పినది. కావున నోటితో చెప్పి రాకుడు, వ్రాసి యిండు. హక్కును బదిలీ చేయుట సంతకముతో కూడిన పత్రమువలననే చెల్లును. అందు కాలము పేర్కొననిచో అయిదేండ్లనియు, దేశము పేర్కొననిచో భారతదేశమనియు చట్టము భావించును. పుస్తకమునకు ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను ప్రభుత్వము రుసుము లేకయే ఇచ్చుచున్నది. అన్నిటికంటె ముఖ్యమేమనగా, ఎవరికిచ్చినను నకలే ఇండు. మూలమును ఇంట నుంచుడు.

పోషకమహాశయులారా! మీరు సత్రములు కట్టించితిరి, వసతిగృహములు నిలిపితిరి. ఒక ప్రార్థన. కూనపులివారిలో పాట వచ్చినవారు ఏ ఊరనున్నను వెదకి, రాత్రి రాత్రియు నేటి యంత్రములలో పలుకు పోకుండ నిలుపుటకును, అక్షరము మార్పక వ్రాయించి అయిదువందల ప్రతులు అచ్చొత్తించుటకును ఒక నిధి నేర్పఱుపుడు. చెప్పినవారికి పూర్వమువలె త్యాగము ముట్టవలెను. ముఖపత్రమున వారి పేరు ముందుండవలెను. పిదప మన పిల్లలు దానిని పెట్టెలో చూపినను, చేతిలోని ఫోనులో చూపినను నాకు సంతోషమే. నా నాలుగు రాత్రుల వ్రాతప్రతిని, దాని నకలు తీయించి యింట నుంచుకొని, ఈ సభకు సమర్పించుచున్నాను. తక్కిన మూడు రాత్రులు ఎవరి కంఠమున నున్నవో వెదకి తెచ్చు భారము మీది.